రోస్ట్ ఊలాంగ్ కొనేముందు: వూయీ, అన్షీ, ఫీనిక్స్ టీలలో మీకు ఏది?

రోస్ట్ చేసిన చైనా ఊలాంగ్, అంటే గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం టీ కోసం వెతికేవాళ్లకు ముందుగా కనిపించే పేరు ద హోంగ్ పావ్. ఎర్ర డబ్బా, బంగారు అక్షరాలు, చక్రవర్తుల కథలు. చాలామంది కొనే మొదటి టీ అదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే నేను మాత్రం వూయీ కొండల్లో పండే షుయ్ షియెన్ అనే రకాన్ని, దోరగా రోస్ట్ చేసినది కొనమంటాను. దానికి అంత పేరు లేదు, ధరా తక్కువే. కానీ రోస్ట్ ఊలాంగ్ రుచి ఎలా ఉంటుందో నాలుకకు సూటిగా చెప్పేది ఆ టీయే.

ఎందుకో చెప్పాలంటే పేర్లను కాసేపు పక్కనపెట్టి నిప్పు సంగతి మాట్లాడుకోవాలి. ఏ కొండ, ఏ మొక్క అన్నవి ముఖ్యమే. అయితే మొదటి గుక్కలోనే తెలిసిపోయే తేడా మాత్రం ఆకును ఎంత వేయించారు, వేయించాక ఎన్నాళ్లు ఆగి అమ్మారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ తెలియకుండా పేరు చూసి కొంటే ఖరీదైన డబ్బాలో మాడు రుచి దొరికే అవకాశమే ఎక్కువ.

ఆకు నిప్పు దగ్గరికి వచ్చేదాకా

గ్రీన్ టీకి కోసిన ఆకును త్వరగా వేడిచేసి పచ్చదనం నిలుపుతారు. బ్లాక్ టీకి ఆకును నలిపి, గాలి తగిలి పూర్తిగా ఎర్రబారేదాకా ఆగుతారు. ఊలాంగ్ ఈ రెంటికీ మధ్యది. కోసిన ఆకును కాసేపు ఎండలో వాడనిచ్చి, వెదురు చేటల్లోనో, తిరిగే వెదురు పీపాల్లోనో గంటల తరబడి ఆగి ఆగి కదుపుతారు. అంచులు ఒకదానికొకటి రాసుకుని అక్కడ ఎర్రబారుతుంది, నడుమ పచ్చగా ఉంటుంది. పదింట మూడు పాళ్లు ఎరుపు, ఏడు పాళ్లు పచ్చ అని అక్కడివాళ్లు చెప్పే కొలత ఇదే. ఆ తర్వాత ఎక్కువ వేడి తగిలించి ఆ మార్పును ఆపేస్తారు, నలుపుతారు, ఆరబెడతారు. ఇక్కడికి తయారైంది ముడి టీ మాత్రమే. రోస్ట్ ఊలాంగ్‌కు సగం పని ఇంకా మిగిలే ఉంటుంది.

ఆ మిగిలిన సగాన్ని వూయీ కొండల్లో చేసే పాత పద్ధతి తెలుసుకోదగ్గది. గట్టి కర్ర బొగ్గును గుంటలో నింపి, దంచి, అంటించి, పొగ పూర్తిగా పోయేదాకా కాలనిస్తారు. పైన మెత్తని బూడిద పరుస్తారు. బూడిద పొర మందమైతే వేడి తగ్గుతుంది, పలచనైతే పెరుగుతుంది. టీ పోసిన వెదురు బుట్టను ఆ గుంట మీద పెడతారు. మంట ఉండదు, పొగ ఉండదు, కింది నుంచి నిదానంగా వేడి మాత్రమే పైకి వస్తుంది. వేయించే మనిషి బుట్టకు అరచెయ్యి ఆనించి వేడి చూసుకుంటాడు. ఆకును కలపాలంటే బుట్టను గుంట మీది నుంచి పక్కకు దించాల్సిందే. టీ పొడి చిటికెడు నిప్పుల్లో పడినా పొగ లేస్తుంది, ఆ పొగ వాసన బుట్టలోని టీ మొత్తానికి పడుతుంది. ఇలా ఒక్కో విడత చాలా గంటలు సాగుతుంది. తర్వాత టీని వారాల తరబడి పక్కనపెట్టి, మళ్లీ నిప్పు మీదికి తెస్తారు. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో కోసిన ఆకు అమ్మకానికి తయారయ్యేసరికి చలికాలం దగ్గరపడుతుంది.

వూయీ ద హోంగ్ పావ్ తయారీ విద్యను చైనా 2006లో తన మొదటి జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2022లో యునెస్కో చైనా సంప్రదాయ టీ తయారీ పద్ధతులను గుర్తించినప్పుడు ఈ విద్య కూడా అందులో భాగమైంది. నిప్పు దగ్గర రాత్రుళ్లు మేలుకునే పనివాళ్ల నైపుణ్యానికి దక్కిన గౌరవం అది.

వేయించినందువల్ల ఆకులోని తేమ, పచ్చి వాసన పోతాయి. ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి కొత్త వాసనలు పుడతాయి. వగరు మెత్తబడుతుంది. మన వంటింట్లో పెసరపప్పు దోరగా వేయించినప్పుడు కమ్మని వాసన వస్తుంది కదా, అర నిమిషం ఏమరితే అదే కమురు వాసనవుతుంది. ఊలాంగ్ వేయించడంలో కష్టమూ అక్కడే ఉంది, కాకపోతే ఇక్కడ నిమిషాలకు బదులు గంటలు, నెలలు.

ఎంత రోస్ట్ మీకు నప్పుతుంది

అమ్మేవాళ్లు సాధారణంగా లైట్, మీడియం, హెవీ అని రాస్తారు. ఒకరి మీడియం ఇంకొకరి హెవీ కావచ్చు, కాబట్టి మాట మీద కాక రంగు మీద, వాసన మీద నమ్మకం పెట్టుకోండి.

లైట్ రోస్ట్‌లో పూల వాసన ముందుంటుంది. డికాక్షన్ లేత బంగారు రంగులో దిగుతుంది. గ్రీన్ టీ అలవాటున్నవాళ్లకు ఇది తొందరగా నచ్చుతుంది. ఇబ్బంది ఏమిటంటే సరిగా వేయించని టీకి నెలలు గడిచేకొద్దీ పచ్చి వాసన, పులుపు తిరిగి వస్తాయి. దూరదేశం నుంచి తెప్పించుకుని మెల్లగా వాడుకునేవాళ్లకు ఇది సరైన ఎంపిక కాదని నా అభిప్రాయం.

మీడియం, అంటే దోర రోస్ట్‌లో పూలూ ఉంటాయి, నిప్పూ ఉంటుంది. నారింజ కలిసిన తేనె రంగు, వేయించిన గింజల కమ్మదనం, కాస్త పాకం వాసన, మింగాక గొంతులో నిలిచే తీపి. ఆకు తన రకాన్ని దాచుకోదు. షుయ్ షియెన్ తాగుతున్నారో, రౌ గుయ్ అనే ఇంకో వూయీ రకం తాగుతున్నారో తేడా తెలుస్తుంది. మొదటి కొనుగోలు ఇక్కడే మొదలవ్వాలని గట్టిగా చెబుతాను.

హెవీ రోస్ట్ కాఫీ మనుషులది. ముదురు గోధుమ రంగు డికాక్షన్, చిక్కదనం, మాడీ మాడని చక్కెర రుచి, కోకో ఛాయ. చాలామందికి ఇందులో ఓదార్పు దొరుకుతుంది, నాక్కూడా చలికాలపు సాయంత్రం ఇదే కావాలనిపిస్తుంది. అయితే మామూలు ఆకు లోపాలు దాచడానికి బాగా మాడ్చి అమ్మే అలవాటు కూడా ఈ వరుసలోనే ఉంది. దాన్ని పట్టుకోవడం తేలిక. నాలుగైదు విడతలు వేడినీళ్లు పోశాక తడిసిన ఆకును వేళ్లతో విప్పి చూడండి. మంచి హెవీ రోస్ట్ ఆకు ముదురు రంగులో ఉన్నా మెత్తగా విచ్చుకుంటుంది. బొగ్గయిపోయిన ఆకు గట్టిగా, నల్లగా, ముడుచుకునే ఉంటుంది.

రోస్ట్ ఊలాంగ్‌లో పొగ వాసన ఉండకూడదు. పొగ కోరుకునేవాళ్లు వెతకాల్సింది లాప్సాంగ్ సూచాంగ్. అది కూడా వూయీ ప్రాంతం నుంచే వస్తుంది గాని, అది బ్లాక్ టీ, దాన్ని పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు. రెంటినీ కలిపేసి రాసే దుకాణాలు చాలా ఉన్నాయి.

వూయీ కొండల టీ

చైనాలోని ఫూజియాన్ రాష్ట్రానికి ఉత్తరభాగంలో ఉన్న వూయీ కొండలు ఎర్రటి రాళ్లు, నిట్టనిలువు గోడలు, వాటి మధ్య ఇరుకు లోయలు. 1999 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. రాళ్ల సందుల్లో, లోయల్లో కట్టిన చిన్న చిన్న మడుల్లో టీ మొక్కలు పెరుగుతాయి. ఎండ కొంతసేపే పడుతుంది, రాళ్ల నుంచి నీరు ఊరుతుంటుంది, నేలలో ఖనిజాలు ఎక్కువ. ఇక్కడి టీని యెన్‌చా అంటారు, రాతి టీ అన్నమాట. తాగాక నోట్లో తడిరాయి మీద నీళ్లు పారినట్టుండే ఒక అనుభూతి మిగులుతుంది, దానికోసమే జనం ఇంత డబ్బు పెడతారు. ఆకు బంతిలా ఉండదు, పొడవుగా మెలితిరిగిన నల్లటి పోగుల్లా ఉంటుంది.

ఇక్కడి ముఖ్యమైన ఎంపిక షుయ్ షియెన్, రౌ గుయ్‌ల మధ్యే. షుయ్ షియెన్ ఆకు పెద్దది, డికాక్షన్ మెత్తగా, గుండ్రంగా ఉంటుంది, వాసనలో ఆర్కిడ్ పువ్వు, తడి చెక్క. ముసలి చెట్ల నుంచి తీసిన రకానికి నాచు, అడవి నేల వాసన తోడవుతుంది, ధరా పెరుగుతుంది. రౌ గుయ్‌లో దాల్చినచెక్కను గుర్తుచేసే ఘాటు ఉంటుంది. వాసన ముక్కుకు ఎక్కుతుంది, రుచి నాలుకను పట్టుకుంటుంది. కాచడంలో షుయ్ షియెన్ తప్పులను క్షమిస్తుంది, నీళ్లలో అర నిమిషం ఎక్కువ ఉన్నా తాగగలుగుతాం. రౌ గుయ్ క్షమించదు. మొదట షుయ్ షియెన్, చెయ్యి తిరిగాక రౌ గుయ్ అనడానికి కారణం ఇదే. మసాలా వాసనలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఈ వరుసను తిరగేసినా నేను అడ్డు చెప్పను.

మరి ద హోంగ్ పావ్? జియులోంగ్‌క లోయలో రాతిగోడకు ఆనుకుని ఆరు పాత టీ పొదలున్నాయి. అందరూ చెప్పే కథలన్నీ వాటి చుట్టూ తిరుగుతాయి. 2006 నుంచి వాటి ఆకు కోయడం మానేశారు. చివరిగా 2005లో కోసిన ఆకులో 20 గ్రాములు 2007లో బీజింగ్‌లోని జాతీయ మ్యూజియానికి చేరాయి. అంటే ఆ పొదల టీ ఇప్పుడు ఎవరికీ అమ్మకానికి లేదు. దుకాణంలో దొరికే ద హోంగ్ పావ్ ఎక్కువగా షుయ్ షియెన్, రౌ గుయ్ వంటి రకాలను కలిపి చేసే మిశ్రమం. ఆ పొదల కొమ్మల నుంచి పెంచిన మొక్కల టీ విడిగా ఉంది గాని, అది తక్కువగా దొరుకుతుంది. మిశ్రమం కావడం తప్పేమీ కాదు. మంచి చేయి పడితే ఒక రకం లోటును ఇంకోటి తీరుస్తుంది, ఏటేటా ఒకే రుచి నిలుస్తుంది. ఇబ్బందల్లా ఆ పేరుతో ఏదైనా అమ్మవచ్చన్నదే. 50 గ్రాముల డబ్బా చాలా చవగ్గానూ దొరుకుతుంది, కళ్లు తిరిగే ధరకూ దొరుకుతుంది, డబ్బా మీద మాత్రం ఒకే మాట ఉంటుంది. షుయ్ షియెన్ అని రాసి ఉంటే కనీసం ఏ మొక్కో తెలుస్తుంది.

కొండ లోపలి ఆకు, అంచుల్లోని ఆకు, బయటి పొలాల ఆకు అని ఇంకో వర్గీకరణ ఉంది. లోపలి లోయల్లో నియులాన్‌కెంగ్, హుయ్‌యువాన్‌కెంగ్ వంటి పేర్లకు చెప్పలేనంత గిరాకీ. అంత చిన్న లోయల్లో ఎంత టీ పండుతుందో ఆలోచిస్తే ఆ పేర్లతో అమ్మే టీ ఎంత నిజమో అర్థమవుతుంది. మొదటి ఏడాది ఆ పేర్ల జోలికి వెళ్లకండి.

రాతి కొండల్లో ఇంకా ఎన్నో రకాలున్నాయి. టియె లువో హాన్, బై జి గ్వాన్, షుయ్ జిన్ గుయ్ లాంటివి. వాటి గురించి తర్వాతయినా తెలుసుకోవచ్చు, బై జి గ్వాన్ మాత్రం లేత రంగు ఆకు కాబట్టి దాన్ని ఎక్కువగా వేయించరని గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్షీ టియెగ్వాన్‌యిన్: రెండు ముఖాలున్న టీ

దక్షిణ ఫూజియాన్‌లోని అన్షీ టీ చిన్న చిన్న ఉండలుగా చుట్టి ఉంటుంది. వేడినీళ్లు తగిలాక ఒక్కో ఉండ ఆకుగా, కాడగా విచ్చుకుంటుంది. కొనేవాళ్లు బాగా పొరపడేది ఇక్కడే. 1990ల నుంచి మార్కెట్లో ముందుకొచ్చిన టియెగ్వాన్‌యిన్ లేత ఆకుపచ్చది, దాదాపు వేయించనిది, గాలి తీసేసిన ప్యాకెట్లలో వచ్చి ఫ్రిజ్‌లో ఉండాల్సినది. దాన్ని చింగ్‌షియాంగ్ అంటారు. రోస్ట్ చేసిన పాత తరహా టీని నోంగ్‌షియాంగ్ అంటారు. ఆర్డర్ చేసేటప్పుడు ఈ రెండో మాట కనిపించకపోతే మీకు వచ్చేది పచ్చ టీయే కావచ్చు. ఫొటోలో ఉండలు మెరిసే ఆకుపచ్చగా ఉన్నాయా, ముదురు గోధుమ రంగులో ఉన్నాయా అని చూసినా తేలిపోతుంది.

నోంగ్‌షియాంగ్ రుచి వూయీ టీకంటే గుండ్రంగా, తియ్యగా ఉంటుంది. వేయించిన ధాన్యం, పాకం, చివర్న లేత పులుపు. ఈ పులుపు టియెగ్వాన్‌యిన్ సహజ గుణం, టీ పాడైందని కంగారుపడొద్దు. రాతి గుణం ఇందులో ఉండదు, పూలగుణం పూర్తిగా పోదు. ఆఫీసులో మూత ఉన్న కప్పులో కాచుకునేవాళ్లకు నేను చెప్పేది ఈ టీనే. ఉండలు నెమ్మదిగా విచ్చుకుంటాయి కాబట్టి సమయం అటూ ఇటూ అయినా చేదెక్కదు. ఏళ్ల తరబడి దాచి, మధ్యమధ్యలో మళ్లీ వేయించే రకం కూడా ఉంది. అందులో ఎండుఫలాల, పాత చెక్కపెట్టె వాసన. మంచిది దొరికితే అద్భుతం, కాని తెలిసినవాళ్ల దగ్గర రుచి చూడకుండా కొనకండి.

ఫీనిక్స్ దాన్‌చోంగ్

గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రంలోని చావ్‌జౌ దగ్గర ఫెంగ్‌హువాంగ్, అంటే ఫీనిక్స్ కొండలు, అందులో వూడోంగ్ శిఖరం. ఇక్కడ ఒక్కో చెట్టు ఆకును విడిగా కోసి విడిగా తయారుచేసే ఆచారం నుంచి దాన్‌చోంగ్ పుట్టింది. వాసన మీదే రకాలకు పేర్లు. మి లాన్ షియాంగ్‌లో తేనె, ఆర్కిడ్, పండిన లీచీ. యా షి షియాంగ్ అన్నది బాతు రెట్ట అనే పేరుతో అంతటా కనిపిస్తుంది, పేరు చూసి వెనక్కి తగ్గొద్దు, అందులో మల్లెజాతి పూల తీపి వాసన ఉంటుంది. పూలు గాని, ఎసెన్స్ గాని ఏదీ కలపరు, వాసనంతా ఆకుదే. ఇంత వాసన ఒక్క ఆకులోంచి ఎలా వస్తుందా అని మొదటిసారి తాగిన ప్రతివాళ్లూ అడుగుతారు.

ఇక్కడ రోస్ట్ పని వాసనను నిలపడం, చేదును తగ్గించడం. అందుకని సాధారణంగా లైట్ నుంచి దోరదాకానే వేయిస్తారు. నిప్పు రుచి కోసం వచ్చినవాళ్లకు దాన్‌చోంగ్ సరిపోదు. పరిమళం కోసం వచ్చినవాళ్లకు దీనికి సాటి లేదు. ఒక షరతు ఉంది. పది సెకన్లు దాటిస్తే చేదు, వగరు రెండూ విరుచుకుపడతాయి. పక్కన నిలబడి కాచే ఓపిక లేకపోతే దీన్ని ఎంచుకోకండి.

చావ్‌జౌ ఊరు గోంగ్‌ఫు టీ ఆచారానికి పుట్టిల్లు. 2008లో అది చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేరింది. గుప్పెట్లో ఇమిడే మట్టి కూజా నిండా ఆకు, ఆలివ్ గింజల బొగ్గు మీద మరిగే నీళ్లు, మూడు బుల్లి కప్పులు. కప్పులను పక్కపక్కన పెట్టి, కూజాను వాటి మీద గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. ఆఖరి చుక్కలను కూడా ఒక్కో కప్పులో సమంగా రాలుస్తారు. ఎవరికీ పలచన, ఎవరికీ చిక్కన రాకూడదని. మనుషులు నలుగురున్నా కప్పులు మూడే, వంతులవారీగా తాగుతారు. మర్యాదంతా ఆ వంతుల్లోనే ఉంటుంది.

తైవాన్‌లోని లుగు కొండల డోంగ్ డింగ్, తైపేలోని ముజా టియెగ్వాన్‌యిన్ కూడా ఈ కుటుంబపు చుట్టాలే. ఫూజియాన్ నుంచి వెళ్లిన పద్ధతులే అక్కడ వేరే దారి పట్టాయి. అన్షీ నోంగ్‌షియాంగ్ మీకు నచ్చి, ఇంకాస్త మెత్తదనం కావాలనిపిస్తే డోంగ్ డింగ్ చూడండి.

బొగ్గా, కరెంటు ఓవెనా

ధరలో తేడా చూపించడానికి ప్యాకెట్ మీద బొగ్గు రోస్ట్ అని పెద్దగా రాస్తారు. నిజమైన బొగ్గు రోస్ట్‌లో ఒక లోతు ఉంటుంది, ఐదోసారో ఆరోసారో నీళ్లు పోసినా రుచి కూలిపోదు. కానీ ఇప్పుడు చాలా టీ కరెంటు ఓవెన్లలోనే వేగుతోంది, అనుభవం ఉన్నవాళ్ల చేతిలో అది కూడా చక్కగా వస్తుంది. చేతకాని బొగ్గు రోస్ట్ కంటే చక్కని ఓవెన్ రోస్ట్ వెయ్యి రెట్లు మేలు. ఆ ఒక్క మాటకోసం అదనపు డబ్బు పెట్టనక్కర్లేదు.

దానికంటే అడగాల్సిన ప్రశ్న: చివరి రోస్ట్ ఎప్పుడు అయింది? అప్పుడే నిప్పు దిగిన టీలో వేడి వాసన తప్ప ఇంకేమీ తెలియదు, గొంతు పొడిబారినట్టు ఉంటుంది. దోర రోస్ట్‌కు ఒకటి రెండు నెలలు, హెవీ రోస్ట్‌కు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది ఆగితే నిప్పు లోపలికి ఇంకి, ఆకు రుచి పైకి తేలుతుంది. గ్రీన్ టీ కొనే అలవాటుతో తాజా టీ కావాలని అడిగేవాళ్లు ఇక్కడ నష్టపోతారు. కిందటేడు వసంతంలో కోసిన వూయీ టీ ఈ ఏడు తాగడానికి చక్కని టీ. ఈ ఏడాది కొత్త టీ అంటూ జూన్‌లోనే వూయీ హెవీ రోస్ట్ అమ్మేవాళ్లుంటే, దాని రోస్ట్ ఇంకా పూర్తికాలేదనో, హడావుడిగా చేశారనో అనుకోవచ్చు.

అమ్మేవాళ్లు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగితే, ఏ మొక్క, ఏ ఏడాది, ఎంత రోస్ట్ అన్నవి కూడా సాధారణంగా చెబుతారు. ఈ నాలుగూ రాసి ఉన్న టీకి నేను డబ్బు పెడతాను. చైనా ప్యాకెట్ల మీద వూయీ టీకైతే జీబీ/టీ 18745 అనే ప్రమాణం నంబరు కనిపిస్తుంది. అది నాణ్యతకు హామీ కాదు గాని, ఏ టీగా అమ్ముతున్నారో తెలియడానికి పనికొస్తుంది.

సింగపూర్, మలేషియాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మంచి అవకాశం ఉంది. ఫూజియాన్, చావ్‌జౌల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ హెవీ రోస్ట్ టీల సంప్రదాయాన్ని నిలబెట్టాయి. సింగపూర్ చైనాటౌన్‌లో 1925 నాటి పెక్ సిన్ చూన్ లాంటి పాత దుకాణాల్లో కాగితంలో మడిచిన టీ పొట్లాలు ఇప్పటికీ దొరుకుతాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో చైనా కిరాణా దుకాణాల్లో షియామెన్ కంపెనీ సీ డైక్ డబ్బాలు చూడొచ్చు. ఏటీ 102 అని ఉన్న పసుపు డబ్బా ముసలి చెట్ల షుయ్ షియెన్, ఏటీ 103 అని ఉన్న ఎర్ర డబ్బా ద హోంగ్ పావ్. సున్నితమైన టీలు కావవి, బాగా వేయించినవి, రోజూ తాగడానికి అందుబాటు ధరలో ఉండేవి. ఇండియాలో ఉన్నవాళ్లకు దిగుమతి సుంకం భారం ఎక్కువ, అందుకని పెద్ద ప్యాకెట్ కంటే మూడు నాలుగు రకాల చిన్న పొట్లాలు తెప్పించుకోవడం మేలు. వూయీ టీ ఒక్కో పొట్లం సాధారణంగా 8 గ్రాములు, టియెగ్వాన్‌యిన్ 7 గ్రాముల దగ్గర ఉంటుంది, ఒక పూటకు అది సరిగ్గా సరిపోతుంది.

కాచేటప్పుడు

1786లో వూయీ కొండలకు వెళ్లిన ఒక ఛింగ్ రాజవంశ కాలపు కవి, అంతకుముందు ఆ టీ మందులా చేదని ఇష్టపడలేదు. అక్కడి సన్యాసులు అక్రోటుకాయంత కప్పుల్లో పోసి ఇచ్చినదాన్ని ముందు వాసన చూసి, కొంచెం కొంచెంగా చప్పరించాక మనసు మార్చుకున్నాడు. టీలో మార్పు లేదు, తాగిన తీరులోనే ఉంది. పెద్ద గ్లాసులో కాచి రోస్ట్ ఊలాంగ్ నచ్చలేదనేవాళ్లకు ఇదే నా జవాబు.

గైవాన్, అంటే మూత ఉన్న పింగాణీ గిన్నె 100 నుంచి 120 మిల్లీలీటర్లది ఒకటి కొనుక్కోండి. 5 గ్రాముల ఆకుతో మొదలుపెట్టి, అలవాటయ్యాక 7, 8 గ్రాములకు వెళ్లండి. నీళ్లు మరుగుతూ ఉండాలి, రోస్ట్ టీకి చల్లారిన నీళ్లు పనికిరావు. మొదట పది సెకన్లు, తర్వాత విడతకో ఐదు పది సెకన్లు పెంచుకుంటూ వెళ్లండి. దాన్‌చోంగ్ అయితే పోసిన వెంటనే వంచేయండి. మంచి ఆకు ఏడు విడతల దాకా రుచి ఇస్తుంది. గైవాన్ లేకపోతే 250 మిల్లీలీటర్ల కప్పులో 3 గ్రాములు వేసి మూడు నిమిషాల తర్వాత వడకట్టినా షుయ్ షియెన్, టియెగ్వాన్‌యిన్ బాగానే ఉంటాయి. మన స్టీలు కాఫీ ఫిల్టర్ మాత్రం వాడొద్దు. నీళ్లు చుక్కచుక్కగా దిగేలోపు ఆకు నాని చేదంతా వచ్చేస్తుంది.

హైదరాబాద్‌లోనూ, ఇంకా చాలా ఊళ్లలోనూ బోరు నీళ్లలో గట్టిదనం ఎక్కువ. ఆ నీళ్లలో ఎంత మంచి వూయీ టీ అయినా చప్పగా, మసకగా వస్తుంది, పైన తెట్టు కడుతుంది. ఫిల్టర్ నీళ్లో, ఖనిజాలు తక్కువున్న సీసా నీళ్లో వాడండి. పాలు, పంచదార వద్దు. ఇరానీ చాయ్‌కి పాలు ప్రాణం, ఈ టీలో పాలు పోస్తే మనం డబ్బు పెట్టి కొన్నదంతా వాటి కింద మునిగిపోతుంది.

రోస్ట్ చేస్తే కెఫీన్ పోతుందని కొందరు రాస్తుంటారు. పోదు. 8 గ్రాముల ఆకుతో ఏడు విడతలు తాగితే నిద్ర మీద ప్రభావం ఉంటుంది, రాత్రి పొద్దుపోయాక తాగొద్దు. పరగడుపున కూడా వద్దు. బరువు తగ్గిస్తుందన్న ప్రచారం నమ్మి కొనాల్సిన టీ కాదిది, రుచి కోసం కొనండి.

ఎవరికి ఏది

ఫిల్టర్ కాఫీ మనుషులు హెవీ రోస్ట్ షుయ్ షియెన్‌తో మొదలుపెట్టి దోర రోస్ట్ వైపు రండి. గ్రీన్ టీ తాగేవాళ్లకు మి లాన్ షియాంగ్ దాన్‌చోంగ్ దగ్గరగా ఉంటుంది. పనిలో ఉంటూ కాచుకునేవాళ్లకు నోంగ్‌షియాంగ్ టియెగ్వాన్‌యిన్. ఇంకా ఏ అభిప్రాయమూ లేనివాళ్లకు మొదట చెప్పిన దోర రోస్ట్ షుయ్ షియెన్, కిందటేడు వసంతంలో కోసినది. ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలంటే ద హోంగ్ పావ్ ఇవ్వండి. పేరు పెద్దది, డబ్బా అందంగా ఉంటుంది, మంచి మిశ్రమమైతే ఎవరికీ చేదు అనిపించదు.

తెచ్చుకున్నాక గాలి చొరని రేకు డబ్బాలో, చీకటిగా, మసాలా డబ్బాలకు దూరంగా పెట్టండి. రోస్ట్ టీకి ఫ్రిజ్ అక్కర్లేదు, అందులోని వాసనలూ తేమా దానికి హాని. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం గాల్లో తేమ ఎక్కువ కాబట్టి పొట్లాలను అవసరమైనప్పుడే తెరవండి. తెరిచిన టీకి తేమ తగిలి పచ్చి పులుపు వాసన వస్తే పారేయనక్కర్లేదు. పొడి బాణలిని సన్నసెగ మీద గోరువెచ్చగా చేసి, పొయ్యి ఆపేసి, అందులో ఆకు పోసి చల్లారేదాకా మెల్లగా కలపండి. కొత్త రోస్ట్ కాదు గాని తేమ వదిలి, వాసన చాలావరకు తేరుకుంటుంది. ఆ టీని నెలలోపు తాగేయండి.